ప్యాకెట్ మీద 50 రోజులు, పెరట్లో 90

ఈసారి ప్రశ్నలన్నీ ఒకే విషయం మీద. ఏడాది పొడవునా మీరు పంపిన ఉత్తరాల్లో ‘ఎప్పుడు కోయాలి’, ‘ఇంకా ఎందుకు కాయలేదు’ అని అడిగినవాటిని పక్కన పెట్టుకుంటూ వచ్చాను. అప్పటికప్పుడు అవసరమైనవాళ్ళకి విడిగా జవాబు రాశాను గానీ, అందరికీ పనికొచ్చేలా మళ్ళీ ఇక్కడ వివరంగా ఇస్తున్నాను. ఆదిలాబాద్ నుంచి మెల్‌బోర్న్ దాకా ఊళ్ళు మారినా అసలు సంగతి చాలాచోట్ల ఒకటే: మొక్కకి ఎంత వేడి అందుతోంది, పగలు ఎంత పొడవుంది. ఈ రెండూ తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ప్రశ్న: అక్కా, మాది ఆదిలాబాద్. నవంబర్ మొదట్లో బెండ గింజలు పెట్టాను. ప్యాకెట్ మీద 50 రోజుల్లో కోత అని ఉంది. జనవరి వచ్చేసింది, మొక్క జానెడు దాటలేదు, పూత ఊసే లేదు. విత్తనం నకిలీదంటారా?

జవాబు: విత్తనాన్ని అనుమానించకండి తమ్ముడూ, మొలిచింది, బతికే ఉంది కదా. మీ ఊరి చలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ప్యాకెట్ మీద రాసే రోజులు ఆ పంటకి నప్పే వేడి ఉన్నప్పటి లెక్క. మొక్కకి క్యాలెండర్ తెలియదు, దానికి తెలిసింది రోజుకి ఎంత వేడి అందిందన్నదే.

ఒక చిన్న లెక్క వేద్దాం. బెండ సుమారు 15 డిగ్రీల దగ్గర ఎదుగుదల ఆపేస్తుంది అనుకోండి. జూన్‌లో పగలు 36, రాత్రి 26 ఉంటే సగటు 31, అందులోంచి 15 తీసేస్తే ఆ రోజు మొక్క ఖాతాలో పడింది 16. డిసెంబర్‌లో మీ దగ్గర పగలు 28, రాత్రి 10 ఉన్న రోజున సగటు 19, అంటే ఖాతాలో పడింది 4. జూన్‌లో ఒక్క రోజులో జరిగే ఎదుగుదలకి మీకు నాలుగు రోజులు పడుతోందన్నమాట. వ్యవసాయ శాస్త్రవేత్తలు దీన్నే గ్రోయింగ్ డిగ్రీ డేస్ అంటారు, పంటపంటకీ కింది హద్దు మారుతుంది, టమాటాకి 10 డిగ్రీలు తీసుకుంటారు. ఇది మోటు లెక్కే, కానీ పెరటికి ఇది చాలు.

ఇప్పుడేం చేయాలంటే, ఆ మొక్కల్ని పీకకండి. నీళ్ళు తగ్గించండి, చలికి వేరు నీళ్ళు తాగదు, తడి మట్టిలో కుళ్ళుతుంది. ఫిబ్రవరి రెండో వారం దాటి ఎండ ముదిరితే అవే ఒక్కసారిగా లేస్తాయి. అప్పుడు జాగ్రత్త, ఎందుకంటే వేడిలో పువ్వు విచ్చిన ఐదారు రోజులకే కాయ కోతకి వస్తుంది, రెండు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి పీచు పట్టేస్తుంది. కాయ కొనని వేలితో వంచండి, టక్కున విరిగితే లేత, వంగి సాగితే ముదిరినట్టు. ముదిరినవి కూరకి పనికిరావని చెట్టుకే వదిలేస్తుంటారు చాలామంది, అది అస్సలు వద్దు. కాయలో గింజ గట్టిపడుతున్నకొద్దీ మొక్క తన బలమంతా ఆ గింజకే పెట్టి కొత్త పూత తగ్గించేస్తుంది. విత్తనానికి ఒకటి రెండు ఉంచుకుని మిగతావి కోసి పారేయండి. రోజు విడిచి రోజు కోస్తే కాపు సాగుతుంది.

వచ్చే ఏడు నవంబర్‌లో బెండ మానేసి పాలకూర, మెంతి, ముల్లంగి, బఠాణీ వేసుకోండి. మీ చలికి అవి పండినట్టు మాకు కృష్ణా జిల్లాలో పండవు.

ప్రశ్న: మేడమ్, మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మే నెలలో చిక్కుడు గింజ పెట్టాను. తీగ పందిరంతా కప్పేసి పక్కింటి డాబా మీదికి కూడా పాకింది. ఆగస్టు వచ్చినా ఒక్క పువ్వు లేదు. ఎరువు ఎక్కువైందని కొందరు, పొట్టాషియం వేయమని కొందరు అంటున్నారు.

జవాబు: ఏమీ వేయకండమ్మా, ఆగండి. మన పాతకాలపు పందిరి చిక్కుడు పగలు తగ్గితేనే పూస్తుంది. హైదరాబాద్‌లో జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబర్‌లో 11 గంటలే. చిక్కుడు ఆకు ఈ తేడాని పసిగడుతుంది. మీరు మేలో పెట్టినా ఆగస్టులో పెట్టినా పూత మాత్రం దసరా, దీపావళి రోజుల్లోనే మొదలవుతుంది. అందుకే మనకి చిక్కుడుకాయ సంక్రాంతికి దండిగా ఉంటుంది, రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల మీద పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం ఇస్తాం. ఆ రోజుల్లో ప్రతి పెరట్లో దొరికేది అదే మరి.

మేలో పెట్టడం వల్ల ఒరిగేదల్లా ఆకు, తీగ, వాటితో పాటు పేనుబంక. జూలైలో పెడితే చాలు, తీగ అదుపులో ఉంటుంది. ఇప్పుడు మీ తీగ కొసలు తుంచేయండి, పక్క కొమ్మలు వస్తాయి, రేపు పూత గెలలు వచ్చేది వాటి మీదే. నత్రజని ఎక్కువ ఉండే ఎరువు, పచ్చి పేడ నీళ్ళు ఆపేయండి.

ఇంకో సంగతి, మీ పందిరి పక్కన వీధి దీపం ఉందా చూడండి. పగలు తగ్గితే పూస్తుందని మనం అంటాం గానీ, నిజానికి అలాంటి మొక్క కొలిచేది చీకటిని. రాత్రంతా ఎల్ఈడీ దీపం నేరుగా ఆకుల మీద పడుతుంటే దానికి రాత్రి పొడవు పెరిగినట్టే తెలియదు. ఒకే తీగలో దీపం వైపున్న భాగం ఆకులతో పచ్చగా ఉండిపోయి, గోడ చాటున ఉన్న భాగం పూత పట్టొచ్చు. నవంబర్ దాటినా పూత రాకపోతే ఆ వైపు పాత చీర ఒకటి అడ్డం కట్టి చూడండి.

ఏడాదంతా చిక్కుడు కావాలంటే పగటి పొడవుతో సంబంధం లేని పొట్టి రకాలు వేసుకోవాలి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా జయ్, అర్కా విజయ్ అలాంటివే. పందిరి అక్కర్లేదు, కుండీల్లో పెంచుకోవచ్చు. రుచిలో మాత్రం, నన్నడిగితే, చలికాలపు పందిరి చిక్కుడుకి సాటి రావు.

ప్రశ్న: విజయవాడ. ఏప్రిల్, మే నెలల్లో మా టమాటా మొక్కలు విరగపూసి పూతంతా రాలిపోయింది. నిలిచిన నాలుగు కాయలు కూడా ఎర్రబడకుండా పసుపు, నారింజ రంగులో ఆగిపోయాయి. ఏం లోపం?

జవాబు: లోపం మొక్కది కాదు, మీ ఊరి ఎండది. పగలు 35 దాటి, రాత్రి కూడా 24, 25 కంటే దిగకపోతే టమాటా పువ్వులో పుప్పొడి చచ్చుబడిపోతుంది, పిందె కట్టదు. చాలామంది పగటి ఎండ ఒక్కదాన్నే చూస్తారు, టమాటాని ఎక్కువ ఏడిపించేది ఉక్కపోత రాత్రులు. రంగు సంగతి కూడా అంతే, టమాటాకి ఎరుపు తెచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగ్గా తయారవదు, పసుపు రంగు మాత్రం తయారవుతూనే ఉంటుంది.

ఎండాకాలంలో మనం కొనే టమాటాల్లో మదనపల్లె నుంచి వచ్చేవి అంత ఎక్కువ ఉండడానికి కారణం కూడా ఇదే. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, మే నెలలో కూడా అక్కడ రాత్రి కాస్త చల్లబడుతుంది, ఆ కాస్త చాలు పిందె నిలవడానికి.

కాబట్టి మీరు ఆగస్టు చివర్లో నారు పోసి, సెప్టెంబర్ చివర్లో నాటండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మీ ఇంటికి సరిపడా కాయలు వస్తాయి. వేసవిలో ఉన్న మొక్కని కాపాడుకోవాలంటే పైన సగం నీడనిచ్చే షేడ్ నెట్ కట్టి, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి కప్పండి. కాయ కింది వైపు లేత గులాబీ మరక కనపడగానే కోసేసి ఇంట్లో నీడన పెట్టండి. చెట్టు మీద పండితేనే రుచి అనుకుంటారు గానీ, ఆ మరక వచ్చాక కోసిన కాయకీ చెట్టున పండినదానికీ పెద్ద తేడా ఉండదు, పైగా ఇంట్లో 25, 28 డిగ్రీల దగ్గర రంగు బాగా తిరుగుతుంది, పిట్టలూ ఉడతలూ తినకుండా మిగులుతాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, పండకముందే చలి తగిలిన టమాటా మెత్తబడుతుంది తప్ప రుచి పట్టదు.

ప్రశ్న: న్యూజెర్సీ, ఎడిసన్ నుంచి రాస్తున్నాం పిన్నిగారూ. అక్టోబర్ రెండో వారం. పెరట్లో టమాటా మొక్కల నిండా పచ్చికాయలు, రెండు సొరకాయలు, చిక్కుడు తీగకి ఇప్పుడే మొదటి పూత. ఈ వారంలోనే ఫ్రాస్ట్ (గడ్డకట్టే మంచు) పడుతుందని వాతావరణ సూచన. ఏది ఉంచాలి, ఏది కోయాలి?

జవాబు: ముందు మనసు రాయి చేసుకుని వినండి, ఆ చిక్కుడు ఈ ఏడు మీకు దక్కదు. మీ దగ్గర జూన్‌లో పగలు 15 గంటలు. అది 12 గంటలకి దిగేసరికి సెప్టెంబర్ ఆఖరు వారం అవుతుంది, ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న పందిరి చిక్కుడు అప్పుడు గానీ పూతకి సిద్ధపడదు, పూత కాయయ్యేలోపు మంచు కొట్టేస్తుంది. మీ చేతిలో లోపమేం లేదు. వచ్చే ఏడు పైన చెప్పిన పగటి పొడవు పట్టని పొట్టి రకాలు మే చివర్లో వేయండి, ఆగస్టులో కాయలు కోసుకుంటారు.

టమాటాలకి వద్దాం. పచ్చికాయలన్నీ ఒకటి కాదు. సైజు వచ్చిన కాయ ఒకటి తెచ్చి అడ్డంగా కోయండి. లోపల గింజల చుట్టూ జిగురు పట్టి, కత్తి తగలగానే గింజలు జారి పక్కకి తప్పుకుంటే అది పక్వానికి వచ్చిన పచ్చికాయ, ఇంట్లో పెడితే కచ్చితంగా పండుతుంది. లోపల గట్టిగా ఉండి కత్తి గింజల్ని రెండు ముక్కలు చేసేస్తే అది పిందె కిందే లెక్క, ఎన్నాళ్ళుంచినా పండదు, పచ్చడికో పప్పుకో వాడేయండి. ఆ సైజు, ఆ మెరుపు గుర్తుపెట్టుకుని మిగతావాటిని రెండు రకాలుగా విడదీయండి. పండేవాటిని తుడిచి, ఒకదానికొకటి తగలకుండా న్యూస్‌పేపర్‌లో చుట్టి, అట్టపెట్టెలో 15 నుంచి 20 డిగ్రీలుండే చోట, అంటే మీ బేస్‌మెంట్‌లో పెట్టండి. తొందరగా కావాలంటే రెండు పండు అరటిపళ్ళు అదే పెట్టెలో వేయండి, వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువు కాయల్ని పండిస్తుంది. వారానికి రెండుసార్లు తీసి చూసి కుళ్ళినవి ఏరేయాలి, ఒక్కటి కుళ్ళినా పెట్టెంతా పోతుంది.

సొరకాయలు గోరు దిగే లేతగా ఉంటే ఇవాళే కోసేయండి. సొర, బెండ, వంకాయ, మిరప, గోంగూర ఇవన్నీ మన వేడి దేశపు ప్రాణాలు, ఒక్క రాత్రి మంచుకి తెల్లారేసరికి ఉడకబెట్టిన ఆకుల్లా నల్లబడి వాలిపోతాయి. మంచు ఒక్క రాత్రే పడి తర్వాత వారం వెచ్చగా ఉంటుందంటే మాత్రం పాత దుప్పటి కప్పి పొద్దున్నే తీసేస్తే మరికొన్ని రోజులు లాగొచ్చు. కొత్తిమీర, మెంతి, పాలకూర, క్యాబేజీ జోలికి వెళ్ళకండి, తేలికపాటి మంచు వాటినేం చేయదు.

వచ్చే ఏడాదికి ఒక మాట. టమాటా పువ్వు విచ్చిన దగ్గర్నుంచి పండడానికి మంచి వేడిలో 45 రోజులు, చల్లబడితే 60 దాకా పడుతుంది. సెప్టెంబర్‌లో వచ్చే పూత మీకు పనికొచ్చేది కాదు. అందుకని ఆగస్టు చివర్లోనే కొమ్మల కొసలు, కొత్త పూగుత్తులు తుంచేయండి. చేతులు రావు, తెలుసు, అయినా తుంచితేనే ఉన్న కాయలకి బలం వెళ్ళి అవి మొక్క మీదే పండుతాయి. సొర, బీర గింజల్ని ఏప్రిల్ మధ్యలో ఇంట్లో కిటికీ దగ్గర చిన్న కుండీల్లో మొలిపించి, మే సగం దాటాక బయట నాటుకోండి. అంతకంటే ముందు నాటితే మట్టి చల్లగా ఉండి మొక్క కదలదు, మే నెలాఖరులో నాటినదే దాన్ని దాటిపోతుంది.

ప్రశ్న: డల్లాస్. ఇక్కడ జూలైలో టమాటా కాపు పూర్తిగా ఆగిపోయింది, గోంగూర మాత్రం అడవిలా పెరుగుతోంది. గోంగూర ఎప్పటిదాకా కోసుకోవచ్చు? విత్తనం ఎలా నిలబెట్టుకోవాలి?

జవాబు: మీ జూలై అంటే విజయవాడ మే నెలే, పైన టమాటాకి చెప్పినదంతా మీకూ వర్తిస్తుంది. మీకు టమాటా రెండు పంటలుగా చూసుకోవాలి: మార్చి మధ్యలో మంచు భయం పోయాక నాటినది మే, జూన్‌లో కోసుకోవడం, మళ్ళీ జూలైలో కొత్త నారు నాటి నీడ కట్టి బతికించుకుంటే అక్టోబర్ నుంచి మంచు పడే నవంబర్ మధ్య దాకా కోసుకోవడం. నడి వేసవిలో చెర్రీ టమాటాలు కాస్త తట్టుకుంటాయి.

గోంగూర కూడా చిక్కుడు లాంటిదే, పగలు తగ్గితే పూతకి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వేసినది సెప్టెంబర్ దాకా ఆకు ఇస్తుంది. మొక్క మోకాలెత్తు రాగానే మొదలు నుంచి జానెడు వదిలి పైది కోసేయండి, పక్కల నుంచి నాలుగు కొమ్మలు వస్తాయి. ఆకులు ఒక్కొక్కటి గిల్లుకుంటూ పోతే కర్రలా పైకి పోయి ఆకు చిన్నదవుతుంది. అక్టోబర్‌లో మొగ్గ వేశాక ఆకు ముదిరి గరుకెక్కుతుంది, ఇక రుచి ఉండదు, పచ్చడి పెట్టుకునేవాళ్ళు సెప్టెంబర్‌లోనే పని కానిచ్చేయండి. విత్తనానికి ఒక మొక్కని మొదటి నుంచీ పెద్ద కుండీలో పెంచండి, మంచు పడే రాత్రులు గరాజ్‌లోకి తెచ్చుకోవచ్చు. కాయ చెట్టు మీదే ఎండి గోధుమరంగుకి తిరిగాకే తీయాలి.

ఇదే విషయం మన ఊళ్ళలో వాళ్ళకి కూడా: నవంబర్‌లో గోంగూర వేసి అడుగెత్తులోనే పూసేసిందని గుంటూరు, ఖమ్మం నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఆ నెలల్లో అది అంతే. గింజ ఒత్తుగా చల్లి, నాలుగు వారాలకే వేళ్ళతో సహా పీకి వాడుకోవడం మేలు.

ప్రశ్న: గచ్చిబౌలిలో తొమ్మిదో అంతస్తు బాల్కనీ. బీర, కాకర పిందెలు వేలెడు కూడా కాకుండానే పసుపెక్కి రాలిపోతున్నాయి.

జవాబు: అంత ఎత్తుకి తేనెటీగలు సరిగ్గా రావు, పుప్పొడి అందని పిందె అలాగే రాలిపోతుంది, కాబట్టి పుప్పొడి అంటించే పని మీరే చేయాలి. వెనక పిందె ఉన్నది ఆడపువ్వు, వట్టి కాడ ఉన్నది మగపువ్వు. మగపువ్వు తెంపి రేకులు తీసేసి, మధ్యలో పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఎప్పుడన్నది ముఖ్యం: బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస, గుమ్మడి తెల్లవారుజామున. చాలామంది బీరకి పొద్దున్నే కాఫీ తాగుతూ చేస్తారు, అప్పటికి ఆ పువ్వు పని అయిపోయి ఉంటుంది. మొదట్లో వచ్చే పూలు అన్నీ మగవే కావచ్చు, అవి రాలితే బాధపడకండి. పిందె నిలిచాక బీర వారం పది రోజుల్లో కోతకి వస్తుంది, ఈనెలు గట్టిపడకముందే కోయాలి. కాకర మీద బొడిపెలు పచ్చగా మెరుస్తూ ఉండగానే కోయండి, పసుపు ఛాయ వచ్చిందంటే లోపల గింజ ఎర్రబడుతున్నట్టే.

ప్రశ్న: అనంతపురం. మా సొరకాయ చూడ్డానికి నిగనిగలాడుతోంది, వండితే చేదు. ఉప్పు, చింతపండు ఎక్కువ వేసి తినొచ్చా?

జవాబు: తినకూడదు. దయచేసి ఒక్క ముద్ద కూడా తినకండి, ఇంట్లో ఎవరికీ పెట్టకండి. సొరకాయలో చేదు కుకుర్బిటాసిన్లనే విషపదార్థం వల్ల వస్తుంది, ఉడికించినా పోదు. వాంతులు, విరేచనాలతో మొదలై రక్తం వాంతి కావడం, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి, భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు కూడా చేదుగా ఉన్నది వాడొద్దని గట్టిగా హెచ్చరించారు. ఎప్పుడైనా తిన్నాక కడుపులో తిప్పినట్టుంటే ఇంటి వైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మీ వైపు ఎండ, నీటి ఎద్దడి రెండూ ఎక్కువ, మొక్క అలా ఇబ్బంది పడ్డప్పుడు ఈ చేదు పెరిగే అవకాశం ఉంది. కొన్నిసార్లు విత్తనంలోనే ఉంటుంది, ఆ మొక్క కాయలన్నీ చేదైతే పీకేయండి, దాని గింజ దాచకండి. కోసిన ప్రతి సొరకాయ తొడిమ దగ్గర చిన్న ముక్క నాలుకకి తాకించి ఉమ్మేయడం అలవాటు చేసుకోండి. కోత విషయానికొస్తే, పిందె కట్టిన 12 నుంచి 15 రోజులకి, కాయ మీద సన్నటి నూగు ఉండగా, గోరు నొక్కితే తేలిగ్గా దిగే దశలో కోయాలి. మంచి గుమ్మడికి సరిగ్గా దీనికి ఎదురు, గోరు దిగకూడదు, తొడిమ ఎండి బెరడు కట్టాలి, అప్పుడే నెలల తరబడి నిలవ ఉంటుంది.

మీ నేలకి మే నెలలో సొర కంటే మటిక్కాయలు, అంటే గోరుచిక్కుడు, ఎక్కువ నమ్మకం. వారానికి రెండు తడులిచ్చినా కాస్తాయి, కాయ వంచితే చప్పుడుతో విరిగేటప్పుడే కోసుకోండి.

ప్రశ్న: కాకినాడ. కాలీఫ్లవర్ పువ్వు చొక్కా గుండీ అంత వచ్చి ఆగిపోయి, విచ్చుకుపోయింది.

జవాబు: మీరు చలి రకం వేసి ఉంటారు, లేదా ముదురు నారు నాటి ఉంటారు. పూసా స్నోబాల్ కే-1 లాంటి రకాలకి పువ్వు గట్టిగా కట్టాలంటే 10 నుంచి 16 డిగ్రీల చలి కావాలి, అది చింతపల్లి, లంబసింగి వైపు దొరుకుతుంది గానీ కాకినాడ సముద్రగాలిలో దొరకదు. మీరు పూసా దీపాలి లాంటి తొందర రకం ఎంచుకుని, నాలుగు వారాల నారే నాటండి, ఆరు వారాలు దాటిన నారు నర్సరీ వాళ్ళు ఊరికే ఇచ్చినా తీసుకోకండి, గుండీ పూలకి ఎక్కువగా కారణం అదే. పువ్వు పిడికిలంత అయ్యాక చుట్టూ ఆకుల్ని పైకి లేపి దారంతో వదులుగా కట్టండి, తెల్లగా ఉంటుంది. బిగువుగా ఉన్నప్పుడే కోసేయాలి. పైన నూకలు చల్లినట్టు గరుకు కనపడిందంటే ఇక ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ప్రశ్న: మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చాం. అమ్మ ఊరి నుంచి కార్తెల ప్రకారం చెబుతోంది, మృగశిరకి గింజలు పెట్టమంటోంది.

జవాబు: అమ్మగారి మాట ఊళ్ళో నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ మృగశిర వచ్చే జూన్ మీకు నడి చలికాలం. ఆరు నెలలు జరిపి చూసుకోండి. అక్కడివాళ్ళు టమాటా నారుని మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం రోజుకి, అంటే నవంబర్ మొదటి మంగళవారానికి నాటుతారు, మీరూ అదే పట్టుకోండి. జనవరి చివర నుంచి మార్చి దాకా కోతలు. పందిరి చిక్కుడు వేస్తే మీ దగ్గర పగలు 12 గంటలకి దిగేది మార్చి చివర్లో, అప్పుడు పూస్తుంది, చలి ముదిరేలోపు కొన్ని కాయలు దక్కొచ్చు. కొత్తిమీర మార్చి, ఏప్రిల్‌లో చల్లండి, ఎండాకాలంలో చల్లితే ఆకు రాకుండా పువ్వుకి పోతుంది.

ఇంకొకటి, మీ దగ్గర సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వస్తాడు. మన అలవాటు కొద్దీ కుండీలన్నీ దక్షిణం గోడ దగ్గర పెట్టేస్తే చలికాలంలో వాటికి నీడే. ఉత్తరం వైపు గోడ దగ్గరికి మార్చండి.

ప్రశ్న: విశాఖపట్నం. జూన్‌లో గ్రో బ్యాగ్‌లో పసుపు కొమ్ములు పెట్టాను. జనవరికి ఆకులన్నీ పండి ఎండిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి?

జవాబు: ఏ మందూ వద్దు, అది తెగులు కాదు, పంట చేతికొచ్చింది. పసుపు ఏడు నుంచి తొమ్మిది నెలల పంట, ఆకు ఎండడమే దాని కోత కబురు. నీళ్ళు ఆపేసి రెండు మూడు వారాలు అలాగే వదిలేయండి, ఆకులో మిగిలిన సారం దుంపకి దిగుతుంది. తర్వాత బ్యాగ్ బోర్లించి మట్టి దులపండి. తల్లి దుంపని విడిగా, కొమ్ముల్ని విడిగా తీసి, మచ్చలేని గట్టివాటిని వచ్చే జూన్‌కి విత్తనంగా నీడలో పొడి ఇసుకలో దాచుకోండి. మిగతావాటిని కడిగి, మెత్తబడేదాకా ఉడికించి, కొమ్ము విరిస్తే పుటుక్కున విరిగేంతవరకు ఎండబెట్టి పొడి కొట్టించుకోండి. పచ్చికొమ్ము ఒకటి రెండు ఫ్రిజ్‌లో ఉంచుకుంటే పచ్చి పసుపు తురుము పులిహోరలోకి చాలా బాగుంటుంది.